వేరు చూడని సేవ

శ్రీమద్రామాయణము యుద్ధకాండమున హనుమంతుడు ఓషధీపర్వతమును తెచ్చిన వృత్తాంతము ఎరుగని భక్తులుండరు. రావణుని శక్తిచే లక్ష్మణుడు పడియుండగా, సుషేణుడు ఓషధులున్న శిఖరమును చెప్పి మారుతిని పంపెను. మారుతి శిఖరమును చేరెను గాని, తాను తేవలసిన మూలిక ఏదియో ఆయనకు తెలియలేదు. పెక్కుమారులు విని యుండుటచే ఇచ్చట ఆయన చేసిన పని మనకు సామాన్యముగా తోచును. తెలియని చోట ఊహించి ఏదో యొక మొక్కను పెరికి తెచ్చుట సులభము. ఆలస్యమైనచో ప్రాణహాని కలుగునను భయము వెన్నంటి యుండగా అది మరింత సులభము. ఆయన అట్లు చేయలేదు. తనకు తెలియదని తాను తెలిసికొని, శిఖరమునే మట్టితో, రాతితో, వేళ్ళతో సహా పెకలించి తెచ్చి సుషేణుని ముందుంచెను. మూలికను గుర్తించి, కోసి, నూరి, నస్యమిచ్చినవాడు సుషేణుడు. బలము మారుతిది, నిర్ణయము వైద్యునిది. అంతకు ముందొకమారు ఇట్లే తెచ్చిన పర్వతమును, పని తీరిన పిమ్మట, ఆయన యథాస్థానమున ఉంచి వచ్చెనని కూడ ఆదికవి చెప్పియున్నాడు.

జగిత్యాల జిల్లాలోని కొండగట్టు క్షేత్రమునకు ఈ కథతో సంబంధము కలదు. మారుతి సంజీవనీ పర్వతమును కొనిపోవుచుండగా ముత్యంపేట చెంత అందులో కొంతభాగము విరిగి పడెననియు, అదియే ఈ గట్టనియు స్థానికులు చెప్పుకొందురు. ఈ మాట వాల్మీకమున లేదు, జనశ్రుతి. జనశ్రుతికి ఉండవలసిన మర్యాద దానికి ఉన్నది. తప్పిపోయిన పశువును వెదకుచు వచ్చి, అలసి నిద్రించిన సింగం సంజీవుడను పశుపాలకునికి స్వామి స్వప్నమున కనిపించి తన ఉనికిని తెలిపెనని మరియొక కథ. అతని పేరును సంజీవుడే యగుట గమనింపదగినది. నారసింహ వదనమును, ఆంజనేయ వదనమును కలిగి వెలసిన స్వామి సన్నిధికి చైత్ర పూర్ణిమకును, వైశాఖ బహుళ దశమికిని దీక్షాపరులు వేలకొలది వత్తురు. కొండదారిని వచ్చువారిలో పెక్కురు కోతులను చూతురు గాని చెట్లను చూడరు.

చూడనేర్చిన వారికి ఈ ఉత్తర తెలంగాణపు అడవులలోను, తోటలలోను, మామిడి, ఇప్ప మొదలగు ముదురు చెట్ల కొమ్మలపై ఒక చిన్న మొక్క కనిపించును. దాని ఆకులు దళసరివి, రెండు వరుసలుగా ఎదురెదురుగా పేర్చినట్లుండును. ఎండలు ముదిరిన దినములలో పూచును. లేత పసుపు రేకులపై గోధుమవన్నె గీతలు వలవలె అల్లుకొని యుండును. నడుమనున్న రేకు నీలియెరుపు కలిసిన వన్నెది. పరిమళము మృదువైనది. దాని వేళ్ళు మట్టిని ఎరుగవు. కొన్ని చెట్టు బెరడును చుట్టుకొని యుండును, కొన్ని గాలిలో వ్రేలాడుచుండును. పల్లెవారు దీనిని బదనిక యందురు. చెట్టులోనికి వేరు దింపి దాని సారమును త్రాగు మరియొక మొక్కను సైతము వారు బదనికయే యందురు.

ఈ కలగాపులగము పల్లెవారిది మాత్రమే కాదు. అమరకోశమున వంద, వృక్షాదని, వృక్షరుహ యను పేర్లు ఒక్కచోటనే పర్యాయములుగా చెప్పబడినవి. వృక్షాదని యనగా చెట్టును తినునది. వృక్షరుహ యనగా చెట్టుపై మొలచునది. ఈ రెంటికిని నడుమ ఎంత దూరమున్నదో ఆలోచింపవలెను. ఆశ్రయించిన వానిని తినుట వేరు, ఆశ్రయించి నిలుచుట వేరు. ఇచ్చట చెప్పుచున్న మొక్క వృక్షరుహము. తల్లిని పట్టుకొన్న కోతిపిల్లవలె బెరడును పట్టుకొనునే కాని దానిని గిల్లదు. వానచినుకు, మంచు, గాలిలోని ధూళి, బెరడుపై కుళ్ళిన ఆకుల సారము, ఇవియే దాని ఆహారము. మర్కటకిశోర న్యాయమును గూర్చి సంప్రదాయమున జరిగిన చర్చ పాఠకులకు ఇచ్చట స్ఫురించినచో స్ఫురింపనిండు, దానిని ఈ మొక్కకు బలవంతముగా తగిలింప పనిలేదు.

సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ అను వైద్యుడు కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చి వ్రాసిన గ్రంథమున, 1795లో, ఈ మొక్కను వర్ణించియున్నాడు. సంస్కృతము నేర్చిన సర్ విలియం జోన్స్ దీని జాతికి మన వంద శబ్దమునే గ్రహింపగా, 1820లో రాబర్ట్ బ్రౌన్ దానిని శాస్త్రనామముగా స్థిరపరచెను. నేడు ప్రపంచమంతటను పుష్పప్రియులు వాండా యని పిలుచుచున్నది ఈ మాటనే. ఇంగ్లీషువారు ఆర్కిడ్‌లనెడు పెద్ద కుటుంబములో ఇది యొకటి.

ఒకప్పుడు అడవికే పరిమితమైన ఈ కుటుంబము నేడు కుండీలలో చేరి ఇండ్లలోనికి వచ్చినది. హైదరాబాదు, కరీంనగరము నర్సరీలలో డెండ్రోబియం, ఫలెనాప్సిస్ మొదలగు జాతులు దొరకుచున్నవి. స్వామికి పూవు సమర్పింపవలెనను కోరికతో కొనువారును కలరు. అడవినుండి పెరికి తెచ్చిన దానికంటె నర్సరీలో పెంచినది కొనుట మేలు. పెరికిన మొక్క బ్రతుకుట అరుదు, అడవియు దానిని పోగొట్టుకొనును. ఇక్కడినుండియే అసలు ప్రశ్న ప్రారంభమగుచున్నది.

ఉదాహరణమునకు జగిత్యాలలోని ఒక గృహమును తలంతము. ఇల్లాలు అరువదియేండ్లు దాటినది. ప్రతి ఉదయము స్నానమైన పిమ్మట తులసికోటకు నీరు పోయనిదే మంచినీరు ముట్టదు. పట్టణమున ఉద్యోగము చేయు కుమార్తె ఒకనాడు ఊదారంగు పూల గెలతో ఉన్న ఆర్కిడ్ కుండీని తెచ్చి యిచ్చినది. పింగాణి కుండీ, చూచుటకు అందమైనది, అడుగున రంధ్రము లేదు. ఆ ఇల్లాలు దానిని తులసికి ప్రక్కన ఉంచి, తులసికి ఒక చెంబు, దీనికి ఒక చెంబు, ప్రతిదినము తప్పక పోయుచుండెను. ఆ ఇంటిలోనే ఆమె భర్త మూత్రపిండముల వ్యాధిచే వారమునకు మూడుమార్లు డయాలిసిస్‌కు పోయి వచ్చుచున్నాడు. ఆయన సంగతి పిదప చెప్పుకొనవలసి యున్నది.

నెల గడచునప్పటికి పూవులు రాలినవి. అది సహజము. పిదప ఆకులు బిరుసు తగ్గి ముడుతలు పడసాగినవి. ఎండాకాలము, ఆపైన కరీంనగరపు ఎండ. ఆమె మొక్క దప్పిగొన్నదని తలచి సాయంకాలము కూడ మరియొక చెంబు పోసినది. ముడుతలు హెచ్చినవి. "దినాం రెండు పూటలు నీళ్ళు పోస్తనే ఉన్న బిడ్డా, అయినా ఎండుతున్నది" అని ఆమె కుమార్తెతో ఫోనులో వాపోయినది.

తర్కశాస్త్రము చదువుకొన్న వారికి ఈ దోషము వెంటనే తెలియును. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును పాఠశాలలో పిల్లలు మొదటనే చదువుదురు. పొగ ఉన్నచోట నిప్పు ఉండునని నిశ్చయింపవచ్చును, ఏలయన నిప్పు లేనిచోట పొగ ఉండదు. నిప్పును చూచి పొగ ఉన్నదని నిశ్చయింపరాదు, కాలిన ఇనుపముద్దలో నిప్పుండును గాని పొగ యుండదు. ఏది తన సాధ్యము లేనిచోట కూడ ఉండునో అట్టి గుర్తును సవ్యభిచార హేతువందురు. ఆకు ముడుత పడినది గనుక కుండీలో నీరు తక్కువైనదనుట ఇట్టిదే. నీరు చాలనప్పుడు ఆకు ముడుత పడును. నీరు మిక్కుటమై వేరు కుళ్ళినప్పుడును ఆకు ముడుత పడును. వేరు కుళ్ళిన మొక్క నీటిలో నిలిచియు త్రాగలేదు. గుర్తు ఒక్కటే, కారణములు రెండు, అవియును పరస్పర విరుద్ధములు. ఒకదానికి నీరు మందు, రెండవదానికి నీరు విషము. ఆకును మాత్రమే చూచి చేయి చాచినవాడు సగము సార్లు చంపును.

కావున ఆకును విడిచి వేరును చూడవలెను. అనుమానము తడబడిన చోట ప్రత్యక్షము గతి.

ఆర్కిడ్ వేరు సామాన్యమైన వేరు కాదు. నడుమ సన్నని దారమువంటి నరము, దాని చుట్టును దూదివంటి పొర యుండును. ఆ పొర లోని కణములు మృతములు, లోపల బోలుగా ఉండును. నీరు తాకగనే నిమిషములలో పీల్చుకొని, మెల్లమెల్లగా లోపలి నరమునకు అందించును. ఎండి యున్నప్పుడు ఆ పొరలో గాలి నిండి వేరు వెండివన్నెగా కనిపించును. తడిసినప్పుడు పొర పారదర్శకమై, క్రిందనున్న పచ్చదనము బయటపడి వేరు ఆకుపచ్చనగును. ఇంత స్పష్టముగా తన దప్పిని తాను చెప్పుకొను మొక్క మరియొకటి అరుదు. వేరు వెండివలె ఉన్నప్పుడు నీరు పోయవలెను, పచ్చగా ఉన్నప్పుడు పోయరాదు. కాని ఆ వేరును చూడనీయక పింగాణి కుండీలో దాచితిమి గదా!

మంచి వేరును వ్రేళ్ళ నడుమ మెల్లగా నొక్కినచో గట్టిగా ఉండును. కుళ్ళిన వేరు మెత్తగా అణగును. పట్టి లాగినచో పైపొర తొడుగువలె ఊడి చేతికి వచ్చును, లోపల దారము మిగులును. వాసనయు మురుగుదే. రంగును మాత్రము నమ్మరాదు. చెట్టు బెరడు ముక్కల మరకచే మంచి వేరు కూడ గోధుమవన్నె కావచ్చును. అట్టిదానిని చెడినదని కోసివేయువారు పెక్కురు. స్పర్శ చెప్పునది రంగు చెప్పదు. బయటికి వచ్చి గాలిలో సాగుచున్న వేళ్ళను కుండీలోనికి వంచుటయు, అందము కొరకు కత్తిరించుటయు తప్పు. అవి దారి తప్పినవి కావు, వాటి స్వభావమే యది. వేరు మొన పచ్చగానో, ఎరుపుగానో నిగనిగలాడుచుండుట అది పెరుగుచున్నదనుటకు గుర్తు.

శాంతిపర్వమున భృగుమహర్షి భరద్వాజునకు చెప్పిన వృక్షచైతన్య విచారము ఇచ్చట స్మరింపదగినది. చెట్లు పాదములచే నీరు త్రాగును గనుకనే పాదపములైనవి. ఆ మహర్షి అంతటితో విడువలేదు. త్రాగిన నీటిని వాటియందలి అగ్నియు వాయువును జీర్ణము చేయుననియు చెప్పెను. వాయువు లేనిదే జీర్ణము లేదు. ఆధునిక శాస్త్రజ్ఞులును వేళ్ళు శ్వాసించుననియు, గాలి అందని వేరు ఊపిరాడక చచ్చి కుళ్ళుననియు చెప్పుదురు. కొమ్మపై వ్రేలాడు వేరునకు గాలి కొదవ లేదు. జడివాన కురిసినను గంటలో ఆరిపోవును. అందుచేతనే నెలల తరబడి వానలో తడిసినను కొండమీది బదనిక చావదు. కుండీలో నిలిచిన చెంబెడు నీరు చంపును. నీరు ఎంత పోసితిమనునది కాదు ప్రశ్న, ఎంతసేపు నిలిచినదని.

పాత్ర శబ్దమునకు రెండర్థములు కలవు. నీరు పోయు గిన్నెయు పాత్రయే, దానము గైకొన తగినవాడును పాత్రుడే. గీత పదునేడవ అధ్యాయమున దేశము, కాలము, పాత్రము చూచి యిచ్చిన దానమే సాత్త్వికమని భగవానుడు చెప్పియున్నాడు. ఆర్కిడ్ విషయమున ఈ రెండర్థములును ఒక్కటే యగుచున్నవి. రంధ్రము లేని పాత్ర అపాత్రము. అడుగునను, ప్రక్కలను రంధ్రములున్న మట్టికుండీ గాని, వేళ్ళు కనిపించునట్టి పలుచని ప్లాస్టిక్ కుండీ గాని కావలెను. లోపల మట్టి పనికిరాదు. బొగ్గు, ఇటుక ముక్కలు, చెట్టుబెరడు, కొబ్బరిపీచు ముక్కలు తగినవి. ఇవియును రెండు మూడేండ్లకు చివికి నీరు పట్టును, అప్పుడు మార్చవలెను. నర్సరీనుండి వచ్చిన మొక్క నడుమ ఒక నాచు ముద్ద దాగియుండుట కద్దు. పైన అంతయు ఎండినట్లున్నను ఆ ముద్ద వారములకొలది తడిగా ఉండి నడిమి వేళ్ళను తినివేయును. దానిని తీసివేయనిదే తక్కిన జాగ్రత్తలన్నియు వ్యర్థములు. నీరు ఉదయము నిండుగా పోసి, అంతయు కారిపోనిచ్చి, మరల కుండీ చేతికి తేలికయైన పిమ్మటనే పోయవలెను. ఎన్ని దినముల కొకసారియని అడుగువారికి ఉత్తరము లేదు. ఎండకు, గాలికి, కుండీకి తగినట్లు అది మారును. పంచాంగము చూచి పోయవలసినది కాదు, చేతితో ఎత్తి చూచి పోయవలసినది.

ఆ ఇల్లాలు వైశాఖ బహుళ దశమికి కొండగట్టు పోయినది. దర్శనమై తిరిగి వచ్చుచు, కొండ దిగువ తోటలో ఒక మామిడిచెట్టు నీడను కూర్చుండి తలయెత్తి చూచినది. కొమ్మపై బదనిక పూచియున్నది. నీరు పోసినవారు లేరు. వాన కురిసి ఎన్నో దినములైనది. వేళ్ళు వెండితీగలవలె తెల్లగా గాలిలో వ్రేలాడుచున్నవి. ఎవరును చూడని మొక్క బ్రతికినది. తాను కంటికి రెప్పవలె చూచిన మొక్క చచ్చుచున్నది. ఇంటికి రాగానే ఆమె కుండీని ఒక నర్సరీకి కొనిపోయి, అచ్చటి వృద్ధుడైన తోటమాలికి చూపినది. అతడు మొక్కను కుండీనుండి వెలికి తీసి, ఏమియు మాటాడక ఆమె చేతిలో పెట్టెను. వేళ్ళు చేతిలోనే నలిగినవి. "నీళ్ళు తక్కువై కాదమ్మా" అని మాత్రము అనెను.

చేయదగిన చికిత్స స్వల్పమే. వేళ్ళను కడిగి, మెత్తబడిన వాటిని నిప్పుపై కాల్చి చల్లార్చిన కత్తితో కోసివేయవలెను. గట్టిగా నున్నది చిన్నదైనను విడువరాదు. గాయములు ఆరుటకు ఒక దినము నీడను ఉంచి, క్రొత్త బెరడు ముక్కలలో నిలుపవలెను. ఎరువు వేయరాదు. రోగి ఆకలి గొనకమునుపే విందు పెట్టుట అది. చుట్టుప్రక్కల గాలిలో మాత్రము తేమ ఉండవలెను. పళ్ళెములో గులకరాళ్ళు పోసి, వాటి నడుమ నీరుంచి, నీటికి తగులకుండ రాళ్ళపై కుండీని నిలిపినచో చాలును. పిదప చేయవలసినది ఓపిక పట్టుట. క్రొత్త వేరు వచ్చుటకు నెలలు పట్టవచ్చును, రాకపోవచ్చును. ఆమె కుండీలో మూడు వేళ్ళు మిగిలినవి.

ఆమె మనస్సును కలచినది మొక్క కాదు. "ప్రేమతోనే గద పోసిన, పాపమెట్లయితది?" అనునది ఆమె ప్రశ్న. ఇది తేలికగా త్రోసివేయదగినది కాదు. భావశుద్ధియే ప్రధానమని మనము తరచుగా చెప్పుదుము. పత్రము, పుష్పము, ఫలము, తోయము ఏది భక్తితో ఇచ్చినను గ్రహింతునని భగవానుడు చెప్పినాడు. అయితే ఆయన సర్వజ్ఞుడు, సర్వశక్తుడు. మనము ఏమి ఇచ్చినను జీర్ణము చేసికొనగలడు. మొక్క అట్లు చేయలేదు, మనుష్యుడును చేయలేడు. భగవంతునియెడ చెల్లు న్యాయము ప్రాణులయెడ చెల్లదు. గీత పదునెనిమిదవ అధ్యాయమున, ఫలితమును, నష్టమును, హింసను, తన శక్తిని విచారింపక మోహముచే ఆరంభించిన కర్మ తామసమని ఉన్నది. అచ్చట ద్వేషము ప్రస్తావన లేదు. మోహము చాలును.

తిరుమల క్షేత్రమున పుష్పకైంకర్యము చేసిన అనంతాళ్వారుల కథ శ్రీవైష్ణవులందరికిని పరిచితము. భగవద్రామానుజుల ఆజ్ఞ శిరసావహించి ఆయన పూలతోట వేసి, దానికొరకు చెరువు త్రవ్వుచుండెను. గర్భవతియైన భార్య మట్టి మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి ఆమె గంప అందుకొనగా, కైంకర్యము తమదే కావలెనను పట్టుదలతో ఆయన కోపించి గునపము విసరెను. అది బాలుని గడ్డమునకు తగిలినది. పిదప సన్నిధిలో స్వామి గడ్డమున రక్తము కనిపించినది. ఆ గునపమును మహాద్వారము చెంత భక్తులు నేటికిని చూచుచున్నారు. స్వామి గడ్డమున పచ్చకర్పూరము అద్దుటయు సాగుచున్నది. అనంతాళ్వారుల భక్తిని శంకింపగలవారెవరు? అయినను ఎదుటనున్నవాడెవరో ఆ క్షణమున ఆయన చూడలేదు. ఆ గాయమును దాచక, గునపమును ద్వారముననే ఉంచిన పెద్దల వివేకము గొప్పది.

శేషత్వమును నిర్వచించుచు భగవద్రామానుజులు, పరునికి అతిశయము కలిగించుటయే ఎవని స్వరూపమో వాడు శేషుడని వేదార్థసంగ్రహమున నిరూపించినారు. సేవ యొక్క ఫలము సేవింపబడువానికి చెందవలెను. ఆ ఇల్లాలు చెంబెడు నీరు పోసిన పిమ్మట ఆమె మనస్సు కుదుటబడుచుండెను. మొక్క కుదుటబడినదా యని ఆమె చూడలేదు. తెలియక పోసిన మొదటి నెల నీటికి ఆమెను తప్పుపట్టుట కాఠిన్యము. ముడుత హెచ్చుచున్నను, కుండీని ఒక్కసారి ఎత్తి చూడక, రెండవ చెంబు పోయుటలో మాత్రము దోషము కలదు. అజ్ఞానము క్షమింపదగినది. చూడగలిగియు చూడకుండుట అజ్ఞానము కాదు.

ఇక ఆమె భర్త సంగతి. దినమునకు లీటరుకు మించి నీరు త్రాగరాదని వైద్యుడు ఆయనకు కట్టడి చేసియున్నాడు. క్షీణించిన మూత్రపిండములు నీటిని బయటికి పంపజాలవు. అది కాళ్ళలోను, ఊపిరితిత్తులలోను చేరి గుండెను శ్రమపెట్టును. కాని ఎండాకాలపు మధ్యాహ్నమున ఆయన "ఒక్క గుక్క ఇయ్యవే, గొంతు ఎండుతున్నది" అని అడుగుచుండెను. దాహమన్నవానికి నీరు లేదనుట మహాపాతకమని ఆమె చిన్ననాటినుండి విన్నది. చలివేంద్రములు పెట్టించిన వంశము వారిది. ఆమె ఇచ్చుచుండెను. ఒక గుక్క గ్లాసగుచుండెను. డయాలిసిస్‌కు పోయిన ప్రతిమారు ఆయన బరువు హెచ్చియుండెను, కాళ్ళు పొంగియుండెను. ఎవరిచ్చుచున్నారని అచ్చటివారు అడుగగా ఆయన చెప్పలేదు, ఆమెయు చెప్పలేదు.

ఇచ్చట మొక్క దృష్టాంతము ఎంతవరకు వచ్చును? ఆయన దాహము అబద్ధము కాదు. ఇది ముఖ్యము. వేరు కుళ్ళిన ఆర్కిడ్ దప్పియు అబద్ధము కాదు, అది నిజముగానే ఎండుచున్నది. ఇరువురి దాహమును నిజము. దాహము నిజమైనంత మాత్రమున నీరు మందు కాదు. జలదాన ధర్మము బాటసారికి చెప్పబడినది, వాని శరీరము నీటిని గ్రహించి విడువగలది. ఆ ధర్మమును ఇచ్చట వర్తింపజేయుట దేశకాలపాత్రములను విడిచిన దానమగును. అట్లని నీరు ఇవ్వక ప్రక్కగదిలో కూర్చుండుటయు ధర్మము కాదు. వద్దనుట సులభము, వద్దని దగ్గర ఉండుట కష్టము. వేరునకు నీరు పోయరానప్పుడు చుట్టునున్న గాలికి తేమ ఇచ్చుట యొకటి మిగిలియున్నదని తోటమాలి నేర్పిన సంగతి ఆమెకు ఊరక పోలేదు.

ఆమె ఇప్పుడు ఉదయముననే ఒక గీతలు గీసిన సీసాలో ఆ దినపు నీరు కొలిచి ఉంచుచున్నది. అందులోనిదే మంచుముక్కలుగా చేసి, దాహము హెచ్చినప్పుడు ఒక్కొక్కటి ఆయన నోటిలో పెట్టుచున్నది. తడిగుడ్డతో పెదవులు అద్దుచున్నది. ఉప్పు తగ్గించినది, ఉప్పు తిన్ననాడు దాహము ఆపరానిదని వైద్యుడు చెప్పినందున. ఆయన కొన్ని దినములు ఆమెపై కోపించెను, ఒకనాడు పళ్ళెము తోసివేసెను. ఆమె బదులాడక, వారగా కూర్చుండి హనుమాన్ చాలీసా చదువుకొన్నది. సీసా మాత్రము ఆయనకు అందునట్లు పెట్టలేదు. మధ్యాహ్నము ఆయన నిద్రించిన పిమ్మట ఆమె పెరటిలోనికి వచ్చి, పళ్ళెముపైనున్న కుండీని రెండు చేతులతో ఎత్తి చూచును. ఇంకను బరువుగానే ఉన్నది. మరల గులకరాళ్ళపై దించి, కొంగుతో చేతులు తుడుచుకొని లోనికి పోవును.